మణికట్టులో బియ్యం

దగ్గు లేదు.
అక్కడే మొదలైంది మా తప్పు.

లాడ్ బజార్ వెనక గల్లీలో లక్క కాచి
గాజులకు రాళ్లు పొదిగే మెహమూదా బీకి
కుడి మణికట్టు ఉబ్బితే
కీళ్లవాతమే తిరగబెట్టిందన్నారు.
పదకొండేళ్లుగా మింగుతున్న మాత్రలకు
ఇంకో మాత్ర కలిపారు.
ఆ మాత్రలు నొప్పిని జోకొడతాయి,
నొప్పితో పాటు కాపలావాణ్ణీ.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు
కడిగి బోర్లించిన పళ్లేల్లా ఉన్నాయి.
చేతికి పొడిచిన సూది పరీక్ష
మూడో రోజుకు మచ్చైనా లేకుండా చదును.
"లేదు" అని రాశాం.
ఒంటికి ఉలిక్కిపడే ఓపిక లేదని రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు.

బలమున్న ఒంట్లో క్షయ దొరికిపోతుంది.
ఒళ్లు తిరగబడి చుట్టూ గోడ కడుతుంది,
కొట్లాట జరిగిన చోట గుంటలో గీతలో మిగులుతాయి,
మేం చదివేది వాటినే.
కొట్లాటే జరగని ఇంట్లో
దొంగ చాప పరుచుకుని పడుకుంటాడు,
ఇరుగుపొరుగును అడిగితే
చప్పుడే వినలేదంటారు.

ఉస్మానియాలో ఎముకల డాక్టరు సుధీంద్ర
ఒక గురువారం ఆ మణికట్టు కోశాడు.
లోపల, స్నాయువుల ఒరలో
తెల్లగా, నున్నగా, గుప్పెడు బియ్యం.
బియ్యం కాదు, వాచిన పొర రాల్చుకున్న తునకలు.
అయినా పుస్తకాల్లో కూడా వాటి పేరు బియ్యం గింజలే.
సీసాలో పోసి మూత బిగించి
"అక్కా, వండెయ్యకు" అని చీటీ అంటించి
మా ల్యాబుకు పంపాడు థియేటర్ బాయ్ ఎల్లేష్.
నవ్వాను.
మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి మళ్లీ మూసేశాను.

ఎర్ర రంగు, సెగ, ఆమ్లం, చివర నీలం.
పదిహేడేళ్లుగా ఇదే వంట నాది.
స్లైడు మీద వంద చోట్లు చూశాను, అంతా నీలమే.
రూలు ప్రకారం అక్కడ ఆపెయ్యొచ్చు.
అఫ్జల్‌గంజ్ బస్సు హారను వినిపిస్తోంది,
అది పోతే మళ్లీ నలభై నిమిషాలు.
పోనీలే అనుకున్నాను.
రెండు వందల పద్నాలుగో చోట
రెండు ఎర్ర పోగులు, ఒకదానికొకటి ఆనుకుని.
కంటి అలసటేమోనని లేచి మొహం కడుక్కొచ్చాను.
కదలకుండా అక్కడే ఉన్నాయి.

జన్యువుల మిషను "ఆనవాలు ఉంది" అని
నసిగి ఊరుకుంది.
డాక్టరు ఆగలేదు, మందు మొదలుపెట్టాడు.
నేను మాత్రం కోడిగుడ్ల సొనతో చేసిన
ఆకుపచ్చ మెతుకు మీద గింజల్ని నూరి పోసి
వారం వారం సీసా ఎత్తి వెలుగులో చూశాను.
మూసీకి ఎర్రనీళ్లు వచ్చి పోయాయి.
ఆరో వారం సీసా గోడకు
ఉస్మానియా బిస్కెట్ పొడి రాలినట్టు
గరుగ్గా, లేత పసుపుగా, అది.

రిపోర్టు కోసం కిటికీ దగ్గర నిలబడి ఆమె అడిగింది:
"దగ్గు లేని టీబీ ఏం టీబీ బేటీ?
మా గల్లీవోళ్లు నమ్మరు.
నమ్మితే నా దగ్గర గాజులు కొనరు."
జవాబు వెతుక్కుంటుంటే
ఊచల మధ్య నా చేతి వైపు ఒక్కసారి చూసి
"రెండు ఆరు" అంది.
ముట్టుకోలేదు, కొలవలేదు.

నాలుగు నెలలకు దినపత్రికలో చుట్టి పంపింది.
ఒక గాజు మీద రాళ్లు వంకరగా ఉన్నాయి,
ఆ చేత్తోనే పొదిగిందనుకుంటాను.
సరిగ్గా పట్టాయి.

పొద్దున ఇంకో సీసా వచ్చింది.
కిడ్నీ మార్పిడి చేయించుకున్న మల్కాజిగిరి కుర్రాడిది,
పొట్టలోంచి తీసిన పచ్చటి నీళ్లు.
కాగితం మీద ఎవరిదో తొందర రాత:
జ్వరం ఉంది, బరువు తగ్గాడు, దగ్గు లేదు.
గాజులు తీసి సొరుగులో పెట్టి
బర్నరు వెలిగించాను.